పేరు పెట్టని వాయువు

హైమవతికి అంగారకుడి గాలిలో మీథేన్ కనబడింది. ఆమె గురువు మస్తానయ్య గారికి కనబడలేదు. ఇద్దరూ చూసింది ఒకే కాగితం మీద ఒకే గీతని. గొడవంతా అక్కడే వచ్చింది.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి విలేకరులు వస్తున్నారు. పరిశోధన కేంద్రం డైరెక్టరు చక్రపాణి గారు అందరికీ కబురు పంపేశారు. కింద హాల్లో కుర్చీలు తుడుస్తున్నారు, మైకు సరిచేస్తున్నారు. మాస్టారు ఒక్క ‘సరే’ అంటే చాలు. ఆయన అనడం లేదు. పోనీ కాదనీ అనడం లేదు. హైమ ప్రాణం తీస్తున్నది అదే.

మీథేన్ అంటే మనకేమంత వింత కాదు. గోబర్ గ్యాసు పొయ్యిలో మండేది అదే. కానీ మన దగ్గర అది ఎక్కువగా ప్రాణులున్న చోట పుడుతుంది. పశువుల కడుపులో, బురద గుంటల్లో, వరి మడుల్లో. అందుకని ఆ ఎండిపోయిన ఎర్ర గ్రహం మీద అది రవ్వంత కనబడినా చాలు, అక్కడ ఏదో బతికుందేమోనని మనిషికి ఆశ పుడుతుంది. రవ్వంత అంటే నిజంగా రవ్వంతే. వంద కోట్ల అణువుల్లో ఒకటో రెండో.

అంత తక్కువని ఇక్కడ కూర్చుని చూడటం కష్టం. ఆ గ్రహం చుట్టూ తిరిగే ఉపగ్రహంలో మాస్టారు ఒక స్పెక్ట్రోమీటరు పెట్టించారు. ఉపగ్రహం గ్రహం చాటుకి వెళ్ళే ప్రతిసారీ దానికి ఒక సూర్యాస్తమయం అవుతుంది. ఆ కాసేపు, సూర్యుడి వెలుగు గ్రహపు గాలిలోంచి దూరి పరికరం కంట్లో పడుతుంది. పరికరం ఆ వెలుగుని రంగులుగా విడదీస్తుంది. మన కంటికి ఆనని రంగులవి. గాలిలో ఉన్న ప్రతి వాయువూ తనవైన కొన్ని రంగుల్ని మింగేస్తుంది. మింగిన చోట గీత కిందికి కుంగుతుంది. ఆ రంగు అలలు ఒక సెంటీమీటరులో ఎన్ని పడతాయో లెక్కేసి, ఆ చోటుని ఆ అంకెతో పిలుస్తారు. ఈ పరికరం చూసే మేరలో ఆ అంకెలన్నీ మూడు వేలకి అటూ ఇటూ ఉంటాయి. ఏ వాయువు అంకెలు ఆ వాయువువే. గీత ఎక్కడెక్కడ కుంగిందో చూస్తే అక్కడ ఎవరున్నారో తెలిసిపోతుంది.

ఇలా చెప్పడం తేలికే. ఆ కుంగు మరీ సన్నగా ఉంటుంది. పరికరం తనంతట తాను వణికే వణుకు కూడా ఇంచుమించు అంతే ఉంటుంది.

మాస్టారి ప్రయోగశాలలో ఒక కట్టుబాటు ఉంది. ‘దొరికింది’ అనే మాట అక్కడ ఎవరూ అనకూడదు. ‘కాదనలేకపోతున్నాను’ అనాలి. కొత్తగా చేరినవాళ్ళు నవ్వుకుంటారు, ఆ తర్వాత అలవాటు పడిపోతారు. హైమ కూడా చేరినప్పటినుంచీ అలాగే అంటోంది. పోయిన నెల మాత్రం తలుపు తోసుకుని వచ్చి “దొరికింది మాస్టారూ” అనేసింది. ఆయన సరిదిద్దలేదు. అప్పుడే ఆమెకి అనుమానం రావలసింది. రాలేదు. సంతోషంలో ఉన్నవాళ్ళకి ఎదుటివాళ్ళ మౌనం కూడా ఆశీర్వాదంలాగే ఉంటుంది.

ఆమె పనిని తేలిగ్గా తీసిపారెయ్యడానికి లేదు. మొదట్లో అస్తమయాలన్నిటినీ కలిపి సగటు తీస్తే గీత బల్లపరుపుగా వచ్చింది. ఇంకొకరైతే దండం పెట్టి లేచిపోయేవాళ్ళు. హైమ లేవలేదు. అంగారకుడిది దుమ్ముగొట్టు గాలి. దుమ్ము లేచిన రోజు వెలుగు చెదిరిపోతుంది, గీత వంకరపోతుంది. అలాంటివి కలిపితే మంచివి కూడా పాడవుతాయని ఆమె ఆలోచన. అందుకని ఒక్కో అస్తమయాన్నీ తెర మీద పెట్టుకుని, కళ్ళు మండేదాకా చూసి, దుమ్ము పట్టినవాటిని బియ్యంలో మట్టిగడ్డలు ఏరినట్టు ఏరి పక్కన పెట్టింది. నాలుగో వంతు మిగిలాయి. ఆ మిగిలినవాటిని కలిపి చూస్తే, మీథేన్ కుంగాల్సిన ప్రతి చోటా గీత చక్కగా కుంగింది.

ఆమెది పార్వతీపురం దగ్గర. ఈ నెలాఖరుతో ఇక్కడ ఆమె గడువు అయిపోతుంది. మీథేన్ నిలబడితే ఇక్కడే ఉద్యోగం. నిలబడకపోతే, ఇన్నేళ్ళూ ఏం చేశావని అడిగినవాళ్ళకి చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

ఆ పొద్దున ఆమె మాస్టారి గదిలోకి వెళ్ళేసరికి ఆయన అదే కాగితాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చూస్తున్నారు.

“ఇంకా ఏం చూడాలండీ మాస్టారూ?” అంది. గొంతులో మర్యాద ఉంది, ఓపిక లేదు.

“పక్కన పెట్టినవాటిల్లో మీథేన్ ఉందా?” అన్నారాయన.

“దుమ్ములో ఏం కనబడుతుందండీ.”

“దుమ్ముందని నీకెట్టా తెలిసింది?”

“గీత చూస్తే తెలిసిపోతుంది కదండీ. కుంగాల్సిన చోట కుంగకుండా చిందరవందరగా ఉంటుంది.”

మాస్టారు కళ్ళజోడు తీశారు. కాగితాన్ని బల్లమీద పెట్టి దానిమీద అరచెయ్యి ఆనించారు.

“అవతలి దేశం వాళ్ళ ఉపగ్రహం కూడా అక్కడే తిరుగుతోంది మాస్టారూ. వాళ్ళు వచ్చే వారం చెప్పేస్తారని అందరూ అనుకుంటున్నారు. అప్పుడు మనం రెండోవాళ్ళం అయిపోతాం. రెండోవాళ్ళ పేరు ఎవరికి గుర్తుంటుంది?”

“నాకు గుర్తుంటుంది” అన్నారాయన.

“మీకేమండీ. మీకు పేరొచ్చింది. రేపు మీరు ఇంటికెళ్ళిపోయినా జనం మీ ఇంటికే వస్తారు. నాకెవరున్నారు?”

అనేసి నాలుక్కరుచుకుంది. మాస్టారికి కోపం రాలేదు. వస్తే బాగుండేదని ఆమెకి అనిపించింది.

నిజానికి ఆయన ఆశ కూడా ఇంకా తీరలేదు. ఆ పరికరం కోసం ఆయన ఇరవై ఏళ్ళు ఒక్కో తలుపూ తట్టారు. బరువెక్కువైందంటే తగ్గించారు, ఇంకా తగ్గించమంటే ఇంకా తగ్గించారు. చివరికి ఉపగ్రహంలో ఓ మూల ఇంత చోటిచ్చారు. అది ఎగిరి వెళ్ళినప్పటినుంచీ ఆయన ఎదురుచూస్తున్నది ఆ కాగితం మీది గీత కోసమే. ఇప్పుడది వచ్చి అరచేతి కింద ఉంటే, ఆయన చెయ్యి తియ్యలేకపోతున్నారు.

కాసేపటికి లేచి మూలనున్న గొడుగు అందుకున్నారు.

“అట్టా బయటికెళ్ళి వస్తాను.”

“ఇప్పుడా? ఈ ఎండలో ఎక్కడికండీ?”

“ఇక్కడికే. నీకు ఫోన్ చేస్తాను, తియ్యి” అని వెళ్ళిపోయారు.

హైమకి ఒళ్ళు మండిపోయింది. అందరూ ఒక్కమాట కోసం కాచుకుని కూర్చుంటే ఈయన షికారుకెళ్ళాడు. ముసలాయనకి అసూయేమో అని కూడా ఒక పాడు ఆలోచన వచ్చింది. దాన్ని తోసేసింది గానీ, అది గుమ్మం దాకా వెళ్ళి అక్కడే నిలబడింది.

చక్రపాణి గారు రెండుసార్లు ఫోన్ చేశారు. “మీ మాస్టారు ఏమన్నారమ్మా?” అంటే “చూస్తున్నారండీ” అంది. రెండోసారి ఆయన గొంతు మారింది. “ఇంకెంతసేపు చూస్తారు? ఢిల్లీ వాళ్ళకి కూడా చెప్పేశాన్నేను. నన్ను వీధిలో నిలబెట్టకండి.”

మధ్యాహ్నం భోజనాల వేళకి మాస్టారి ఫోన్ వచ్చింది. వెనకనుంచి ఆటోల హారన్లు, రైలు వస్తోందని చెప్పే ఆడగొంతు వినబడుతున్నాయి.

“హైమా, అయిదంకెలు చెబుతాను. వాటి దగ్గర గీత కుంగిందేమో చూడు.”

“ఏ వాయువండీ అది?”

“పేరు ఇంకా పెట్టలేదు. రాసుకో. 2923. తర్వాత…” ఆయన నడుస్తున్న చప్పుడు. “2942. ఆ తర్వాత 2973.” ఈసారి చాలాసేపు ఆగారు. ఎవరో ఆయన్ని పక్కకి జరగమంటున్నారు. “3013. ఇంకోటి కావాలి. ఉండు. ఆ… 3072.”

“చుక్క తర్వాత అంకెలు?”

“అవి లేవు. కొంచెం అటూ ఇటూ నువ్వే చూసుకో. మీథేన్‌ని ఎంత శ్రద్ధగా చూశావో దీన్నీ అంతే శ్రద్ధగా చూడు. ఎక్కువొద్దు, తక్కువొద్దు. నేను అడిగేది అదొక్కటే.”

ఫోన్ పెట్టేశారు. హైమ ఆ అంకెల్ని ముందుగా తెలిసిన వాయువుల పట్టికలతో పోల్చి చూసింది. ఆ అయిదూ కలిసి ఏ వాయువుకీ లేవు. అయితే మాస్టారు ఇందుకా ఆగింది? మీథేన్ కంటే పెద్దదేదో ఆయన మనసులో ఉందన్నమాట. ఎవరూ ఎరగని వాయువు. పొద్దున ఆయనని అన్న మాటలు గుర్తొచ్చి సిగ్గేసింది. వెంటనే పనిలోకి దిగింది.

అస్తమయాలన్నీ కలిపితే ఏమీ రాలేదు. గీత బల్లపరుపు. అది ఆమెకి అలవాటే, కంగారు పడలేదు. దుమ్ము ఏరడం మొదలుపెట్టింది. ఒక్కో అస్తమయాన్నీ తెరమీదికి తెచ్చి, ఆ అయిదు చోట్లా చూసి, చెదిరిపోయి ఉంటే పక్కకి నెట్టింది. ఇప్పుడు చెయ్యి బాగా తిరిగింది కాబట్టి చకచకా సాగింది. మధ్యలో ఒకటి గమనించింది. మీథేన్ కోసం చూసినప్పుడు దుమ్ము పట్టిందని తోసేసిన అస్తమయాలు కొన్ని ఇప్పుడు శుభ్రంగా ఉన్నాయి. అప్పుడు శుభ్రంగా ఉన్నవి కొన్ని ఇప్పుడు చెదిరి ఉన్నాయి. ఒక్క క్షణం వేళ్ళు ఆగాయి. కానీ హాల్లోంచి మైకు పరీక్షిస్తున్న గొంతు పైదాకా వినబడుతోంది. ముందుకి వెళ్ళిపోయింది.

ఈలోగా మాస్టారు వచ్చారు. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఆమెని పలకరించకుండా తలుపు పక్కనున్న స్టూలు మీద కూర్చున్నారు. ఆమె వీపూ, దాని అవతల తెర మీద జరిగిపోతున్న గీతలూ ఆయనకి కనబడుతున్నాయి. ఏది ఉంచుతోందో, ఏది తీసేస్తోందో అంత దూరాన్నుంచి తెలియదు. మంచినీళ్ళు తాగుదామని సీసా తీసి, తాగకుండా ఒళ్ళో పెట్టుకున్నారు. ఆయనకి ఆ కాసేపూ ఒకటే కోరిక. ఆ పిల్ల వెనక్కి తిరిగి, ఏమీ లేదు మాస్టారూ, అనాలి.

హైమ వెనక్కి తిరిగింది. ముఖం వెలిగిపోతోంది.

“ఉన్నాయి మాస్టారూ. అయిదుకి అయిదూ ఉన్నాయి.”

“సరిగ్గా చూశావా?” అన్నారు మాస్టారు.

“చూశానండీ. ఆ 3013 ఒక్కటే మొదట మొరాయించింది. దుమ్ము తీసేస్తే అదీ దారికొచ్చింది.”

“మీథేన్ కంటే గట్టిగా ఉన్నాయా?”

“ఇంకా గట్టిగానే ఉన్నాయండీ.”

“కాదనగలవా?”

“కాదనలేనండీ” అంది హైమ. ఈసారి కట్టుబాటు ప్రకారమే అంది. ఆయన మెచ్చుకుంటారనుకుంది. ఆయన కళ్ళు మూసుకున్నారు. మనిషి ఉన్నట్టుండి బాగా ముసలివాడైనట్టు కనబడ్డారు. ఆమెకి ఏమీ అర్థం కాలేదు, భయం మాత్రం వేసింది.

“అయితే పద” అన్నారు లేస్తూ. “దాన్ని చూపిస్తాను.”

“దేన్నండీ?”

“నువ్వు పట్టుకున్న వాయువుని.”

“మాస్టారూ, డైరెక్టరు గారు…”

“నడిచిపోయేంత దూరమే.”

మెట్ల దగ్గర ఆమె ఫోన్ మోగింది. చక్రపాణి గారు. ఏం చెప్పాలో తెలియక మోగనిచ్చింది. గేటు దాటేసరికి మళ్ళీ మోగింది. ఎదురుగా విలేకరుల బండి ఒకటి లోపలికి వస్తోంది. కెమెరా భుజానేసుకున్న కుర్రాడు వీళ్ళని దాటుకుని, హాలెక్కడని కాపలా మనిషిని అడుగుతున్నాడు. హైమ తల దించుకుని మాస్టారి వెనక నడిచింది. ఆయన గొడుగు కొంచెం వెనక్కి వంచి ఆమెకి నీడ పట్టారు.

పరిశోధన కేంద్రం నుంచి రోడ్డు దాటితే లోకల్ రైలు స్టేషను. స్టేషను పక్కన రేకుల షెడ్డులో బండ్ల స్టాండు. ఊళ్ళో ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళు పొద్దున్నే స్కూటర్లూ మోటార్ సైకిళ్ళూ అక్కడ పడేసి రైలెక్కుతారు. వందల బండ్లు, ఒకదానికొకటి ఆనుకుని, వరసలు వరసలుగా ఉన్నాయి. రేకుల కింద వేడి సెగ కొడుతోంది. స్టాండు చూసుకునే పోశెట్టి స్తంభానికి ఆనుకుని కూర్చున్నవాడల్లా, మాస్టారిని చూసి లేచి వచ్చాడు.

“మళ్ల వచ్చిండ్రా సారూ? ఇందాక గంట సేపు ఎండల తిరిగి ఒక్కొక్క బండి నంబర్ చూసిండ్రు. ఫోన్ల ఎవలికో చదివి చెప్పిండ్రు.” హైమ వైపు తిరిగాడు. “మీ బండి వోయిందా మేడమ్? పోతే పోలీసులకు చెప్పాలె గాని, గిట్ల మా మీద అనుమానం వెట్టుకుంటే ఎట్ల?”

“బండి పోలేదయ్యా” అన్నారు మాస్టారు. “నీ తప్పేం లేదు.”

హైమకి ఇంకా తట్టలేదు. ఫోన్లో చదివి చెప్పారంటే ఏమిటో ఆమె మనసు దగ్గరిదాకా వెళ్ళి, అక్కడ ఆగి, లోపలికి వెళ్ళనంటోంది. మాస్టారు మొదటి వరసలోకి దారి చేసుకుని వెళ్ళి, ఒక పాత స్కూటరు ముందు నిలబడ్డారు. దాని నంబరు ప్లేటు మీద వేలు ఆనించారు.

2923.

ఆయన ముందుకి కదిలారు. హైమ వెనకే వెళ్ళింది. పెట్రోలు ట్యాంకు మీద దేవుడి బొమ్మ అంటించిన మోటార్ సైకిల్. 2942. ఇంకో వరసలో, అద్దం విరిగిన బండి. 2973. ఆయన ప్రతి దాని దగ్గరా అలాగే వేలు ఆనిస్తున్నారు. ఆమె చదువుతోంది. నోరు తెరిచి కాదు, పెదవులు మాత్రం కదులుతున్నాయి.

ఆ మూడో బండి దగ్గర ఉండగా దాని యజమాని వచ్చాడు. ఏదో పనిమీద పెందలాడే తిరిగొచ్చినట్టున్నాడు, చేతిలో క్యాలీఫ్లవర్ ఉన్న సంచీ ఉంది. “జర జరుగుండ్రి మేడమ్” అన్నాడు. హైమ జరిగింది. అతను సంచీ హ్యాండిల్‌కి తగిలించి, బండి స్టార్టు చేసి, పొగ వదులుకుంటూ వెళ్ళిపోయాడు. ఇందాక ఆమె అంగారకుడి గాలిలో పట్టుకున్న గీతల్లో ఒకటి, మూల తిరిగి కనబడకుండా పోయింది.

ఆమె అటే చూస్తూ నిలబడిపోయింది. మిగతా రెండూ చూపించక్కర్లేదన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ ఏడవలేదు. ఏడుపు కంటే ముందు ఆమెకి ఆ దుమ్ము గుర్తొచ్చింది. అప్పుడు శుభ్రంగా ఉండి ఇప్పుడు చెదిరిపోయిన అస్తమయాలు, ఒక్క క్షణం ఆగిన తన వేళ్ళు గుర్తొచ్చాయి. ఏ అంకె దగ్గర కుంగు కావాలంటే ఆ అంకె దగ్గర కుంగనివన్నీ దుమ్మే అయ్యాయి.

“ముందే చెప్పొచ్చు కదండీ మాస్టారూ” అంది.

“నాకు తెలిస్తేగా చెప్పడానికి” అన్నారాయన. “అనుమానమే నాది. నువ్వు ఏమీ లేదని వస్తావేమోనని ఆ స్టూలు మీద కూర్చుని తెలిసిన దేవుళ్ళకల్లా మొక్కాను. నువ్వట్టా వచ్చుంటే, ఆ హాల్లోకి నేనే పరిగెత్తుకెళ్ళి అందరికీ చెప్పేవాణ్ణి. నాకు మాత్రం అక్కర్లేదంటావా?”

హైమ ఆయన ముఖంలోకి చూడలేకపోయింది. ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి తీసింది.

“వస్తున్నానండీ” అంది.

హాలు పక్క గదిలో చక్రపాణి గారు నిలబడే ఉన్నారు. కొత్త చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. తలుపు అవతల కుర్చీలు జరుపుతున్న చప్పుడు, టీ కప్పుల చప్పుడు వినబడుతున్నాయి. నాలుగు దాటింది.

“ఎక్కడికి పోయారు మీరిద్దరూ? సరేనా మాస్టారూ? వెళ్దామా?”

మాస్టారు గోడ పక్కకి తప్పుకున్నారు. మాట్లాడవలసింది ఎవరో చెప్పకుండానే తెలిసిపోయింది. హైమ ముందుకి వచ్చింది.

“సార్, మీథేన్ దొరికిందని చెప్పడానికి లేదండీ.”

“ఏమిటి?”

“నేను తప్పు చేశానండీ. అస్తమయాల్ని ఏరేటప్పుడు ఏం కావాలో తెలిసే ఏరాను. కావలసిందే వచ్చింది. ఇంకోటి కావాలనుకున్నా వచ్చేది. ఇందాక చూశాను, వచ్చింది.”

చక్రపాణి గారు ఆమెనీ, మాస్టారినీ మార్చి మార్చి చూశారు. “నెల రోజుల్నుంచి దొరికింది, దొరికింది అన్నావు. మధ్యాహ్నానికి ఎలా పోయిందమ్మా?”

“దొరకలేదండీ. నేను దొరకబుచ్చుకున్నాను.”

ఆయన ముఖం ఎర్రబడింది. చెడ్డవాడు కాదు చక్రపాణి గారు. కానీ ఇరవై మందిని పిలిచి కూర్చోబెట్టిన మనిషి. “బయట వాళ్ళకి నేనేం చెప్పాలి? ఢిల్లీకి ఏం చెప్పాలి? ఈ మాట నా నోటితో అనలేను. నువ్వే వెళ్ళి చెప్పుకో. నెలాఖరు తర్వాత నీ సంగతి కూడా నువ్వే చూసుకో.”

“అలాగేనండీ” అంది హైమ. తలుపు వైపు నడిచింది. మాస్టారు ఆమె వెనకే వచ్చి, చివరి వరసలో ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చున్నారు.

హైమ వెళ్ళి మైకు ముందు నిలబడింది. కెమెరాల మీద ఎర్ర దీపాలు వెలిగాయి. ఎవరో దగ్గారు. ఆమె బల్ల అంచు పట్టుకుని, నెమ్మదిగా, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పరికరం తప్పు లేదంది. మాస్టారి తప్పు లేదంది. ఏరింది తానేనంది. పేరు పెట్టని వాయువు సంగతి కూడా దాచుకోలేదు, స్టేషను దగ్గర దాన్ని చూసొచ్చిన సంగతీ చెప్పింది. ముందు వరసలో ఇద్దరు నవ్వారు. ఆమె ఆ నవ్వు అయిపోయేదాకా ఆగింది.

“ఇది చెప్పడానికా మమ్మల్ని పిలిచింది?” అన్నాడు వెనకనుంచి ఒకాయన. కొందరు అప్పుడే సంచులు సర్దుకుంటున్నారు.

ముందు వరసలో కూర్చున్న పెద్దామె మాత్రం కలం పట్టుకుని అడిగింది. “అయితే అంగారకుడి మీద మీథేన్ లేదని రాసుకోమంటారా?”

హైమ ఆగిపోయింది. అవునంటే అయిపోతుంది. రేపు పేపర్లో రెండు లైన్లు వస్తాయి, ఎల్లుండి అందరూ మరిచిపోతారు, తను పెట్టె సర్దుకుని రైలెక్కొచ్చు. హాలంతా ఆమె వైపు చూస్తోంది. చివరి వరసలో మాస్టారు కదలకుండా కూర్చుని ఉన్నారు. తలూపడం లేదు, తల అడ్డంగానూ తిప్పడం లేదు. పొద్దున కాగితం మీద చెయ్యి పెట్టుకున్నప్పుడు ఎలా ఉన్నారో అలాగే ఉన్నారు.

“లేదని కూడా రాయకండి” అంది హైమ. “మేమింకా చూడలేదు.”

పెద్దామె రాయడం ఆపి తలెత్తింది. ఇంకెవరూ ఏమీ అడగలేదు. దీపాలు ఒకటొకటే ఆరిపోయాయి, కుర్చీలు ఖాళీ అయ్యాయి. చక్రపాణి గారు ఎవరినో సాగనంపడానికి బయటికి వెళ్ళిపోయారు. హైమ అక్కడే నిలబడి ఉంది, చేతులు ఇంకా బల్ల అంచు మీదే ఉన్నాయి.

మాస్టారు కుర్చీల మధ్యనుంచి మెల్లగా నడుచుకుంటూ ఆమె దగ్గరికి వచ్చారు.

“పద” అన్నారు. “చూద్దాం.”